కొత్త ఫైర్‌వాల్ వచ్చేలోపు ఇంటిని సిద్ధం చేసుకోవడం: ఏడు దశల డైరీ

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. ముందు తాతగారు కట్టించిన మండువా పెంకుటిల్లు, వెనక అన్నయ్య వేయించిన రెండంతస్తుల డాబా, పెరటి చివర కొబ్బరికాయలు రాశి పోసే షెడ్డు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. ఫైబర్ తీగ వచ్చి చేరే, వైఫై రౌటర్ కూడా కలిసి ఉన్న ఓఎన్‌టీ పెట్టె వీధి గదిలో ఉంటుంది. దాని నుంచి ఒక కేబుల్ అటక మీది స్విచ్‌కి, అక్కడి నుంచి డాబాకీ షెడ్డుకీ వెళ్తాయి. సాయంత్రం నా ఆఫీసు కాల్స్ తెగిపోవడం, రాత్రయితే షెడ్డు కెమెరా మాయమవడం రెండేళ్లుగా పడుతున్న బాధ.

నాలుగు నెట్‌వర్క్ పోర్టుల మినీ పీసీ కొని అందులో ఓపీఎన్‌సెన్స్ వేయాలన్నది నా ఆలోచన. ఇది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఉచిత ఫైర్‌వాల్ (ఇంటి నెట్‌వర్క్‌కీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా), 2015లో పీఎఫ్‌సెన్స్ అనే మరో ఫైర్‌వాల్ నుంచి విడిపోయి వచ్చింది. కొనే ముందు ఇంట్లో ఉన్నదాన్ని కొలిచి చూశాను. రౌటర్‌ని తిట్టుకున్న తప్పుల్లో చాలావరకు తీగలవి, కరెంటువి. పెట్టె ముందే కొనేసి ఉంటే అవే బాధలు దానితోనూ పడేవాళ్లం. అందుకే ఈ డైరీలో ఫైర్‌వాల్ చివర్లో గానీ రాదు.

దశ 1: ఇంట్లో ఏమేం ఉన్నాయి (మే చివరి వారం)

1. ఓఎన్‌టీ పేజీలోకి వెళ్లి కనెక్టయిన పరికరాల జాబితా రాసుకున్నాను. 19 వచ్చాయి.
2. నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాల్ని వెతికే ఎన్‌మ్యాప్‌తో రెండు రోజులపాటు గంటకోసారి స్కాన్ చేశాను. 31 వచ్చాయి.
3. ఒక్కో మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు సంఖ్య) పక్కన అది ఎవరిదో, ఏ గదిలోదో రాశాను.

ఒక్కసారి చూసి రాసుకున్న లెక్క పనికిరాదు. టీవీలు రాత్రే వెలుగుతాయి, అన్నయ్య ఫోన్లు రెండూ తొమ్మిది దాటాకే ఇంటికొస్తాయి.

అయితే 31 కూడా తప్పే. మా వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు ఉన్నాయి. ఇప్పటి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో మారు మ్యాక్ అడ్రస్ చూపిస్తాయి. నాలుగు ఫోన్లు రెండు పేర్లతోనూ ఎక్కడంతో రెండేసిసార్లు లెక్కలోకి వచ్చాయి. అవి తీసేస్తే 27: ఫోన్లు 9, ల్యాప్‌టాప్‌లు 3, ట్యాబ్ 1, టీవీలు 3, కెమెరాలు 4, వాటి రికార్డర్ 1, ప్రింటర్ 1, స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు 5.

ఇంట్లో టీవీలు రెండే. మూడోది ఎక్కడిదని అమ్మని అడిగితే, "పక్కింటి పిన్నిగారిది రా. 2022 వరదప్పుడు వాళ్లింట్లో సిగ్నల్ లేదు. మస్కట్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడాలని కంగారు పడుతుంటే పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను" అంది. అప్పటి నుంచీ వాళ్లు మా వైఫైలోనే ఉన్నారు. అది తీసేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ టీవీ, మా కెమెరాల రికార్డరు, నా ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. బయటివాళ్లకి విడిగా గెస్ట్ నెట్‌వర్క్ తప్పనిసరి అని అప్పుడే జాబితాలో రాసుకున్నాను.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 0, సమయం 5 గంటలు.

దశ 2: కేబుళ్లు (జూన్ మొదటి వారం)

ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి, వేగం కొలిచే ఐపెర్ఫ్3తో కొలిచాను. గిగాబిట్ లింకు బాగుంటే 940 ఎంబీపీఎస్ దగ్గర రావాలి. 94 దగ్గర ఆగిందంటే లింకు 100కి పడిపోయిందని అర్థం.

- ఓఎన్‌టీ నుంచి అటక, 14 మీటర్లు: 94
- అటక నుంచి డాబా కింది అంతస్తు, 22 మీటర్లు: 941
- అటక నుంచి డాబా పై అంతస్తు, 27 మీటర్లు: 938
- అటక నుంచి షెడ్డు, 42 మీటర్లు: ఒకసారి 94, ఒకసారి 11, ఒకసారి అసలు లింకే లేదు

మొదటిదే మూలం. ఇంటికంతా నీళ్లిచ్చే గొట్టం లాంటి కేబుల్ అది. 200కి డబ్బు కడుతున్నాం, డాబాలో ఏనాడూ 94 దాటలేదు. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. 100కి 1, 2, 3, 6 నంబర్ల నాలుగు తీగలు చాలు. అందుకే గోధుమ రంగు జంట తెగిపోయినా నెట్ వస్తూనే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక పూటంతా వృథా చేశాను. కనెక్టర్ తప్పనుకుని రెండు చివర్లా కోసి మళ్లీ మళ్లీ క్రింపు చేశాను (కొత్త కనెక్టర్ నొక్కి బిగించాను). 11 కనెక్టర్లు పోయాయి, ఫలితం మారలేదు. చివరికి అటకెక్కి టార్చి వేసి కేబుల్‌ని చేత్తో తడుముకుంటూ వెళ్తే, దూలం మీద మలుపు తిరిగే చోట రెండంగుళాల మేర పైతొడుగు లేదు. ఎలక కొరికింది. లోపల గోధుమ జంట తెగి వేలాడుతోంది, పక్కన నీలం తీగ మీద పంటి గాట్లు. 450 రూపాయల కేబుల్ టెస్టర్ ముందే కొని ఉంటే 7, 8 దీపాలు వెలగకపోవడం ఒక నిమిషంలో కనిపించేది. ముందు టెస్టర్ కొనండి, తర్వాతే క్రింపింగ్ టూల్ పట్టుకోండి.

ఆ 14 మీటర్లూ కొత్త కేబుల్‌తో, ఈసారి పీవీసీ పైపులోంచి వేశాను. 942 వచ్చింది.

షెడ్డు కేబుల్ కథ వేరు. దాని తీగని బ్లేడుతో గీరితే ఎర్రటి పైపూత కింద తెల్లటి లోహం కనిపించింది. రాగిపూత పూసిన అల్యూమినియం. నిర్ధారించుకోవడానికి నిరోధం కొలిచాను:

1. అవతలి చివర ఒక జంటలోని రెండు తీగల్ని కలిపి మెలిపెట్టాలి.
2. ఇవతలి చివర మల్టీమీటర్ ఓం సెట్టింగులో ఆ రెండింటి మధ్య చదవాలి. నాకు 11.6 వచ్చింది.
3. మీటర్ పుల్లల్ని ఒకదానికొకటి ఆనించి వచ్చేది తీసేయాలి. అది 0.4. మిగిలింది 11.2 ఓంలు.

మామూలు 24 గేజి రాగి తీగ మీటరుకి దాదాపు 0.084 ఓం. 42 మీటర్ల కేబుల్‌కి రానూపోనూ 84 మీటర్లు, అంటే 7.1 ఓంలు రావాలి. మాది ఒకటిన్నర రెట్లు పైనే.

రాత్రిపూట కెమెరా పోవడానికి కారణం ఇక్కడే దొరికింది. కెమెరాకి 12 వోల్టుల కరెంటు ఇదే కేబుల్‌లోని మిగతా రెండు జంటల్లో పంపిస్తున్నాం. పగలు కెమెరా దగ్గర కొలిస్తే 10.6 వోల్టులు. చీకటి పడ్డాక ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతుంది, అప్పుడు 8.7. కెమెరా ఆగి, మళ్లీ మొదలై, దీపాలు వెలగగానే మళ్లీ ఆగుతోంది. రెండేళ్లలో రెండు కెమెరాలు మార్చాం, రెండూ మంచివే.

షెడ్డు వైపు కనెక్టర్ కాళ్ల మీద పచ్చటి చిలుము కూడా ఉంది. సముద్రపు గాలి, తేమ ఉన్న మా ప్రాంతంలో బయట పెట్టే ప్రతి కనెక్టర్‌కీ ఇదే గతి. గాలి చొరబడని పెట్టెలో పెట్టి, కేబుల్ కిందినుంచి పైకి వచ్చేలా వంచితే నీటి చుక్క లోపలికి జారదు.

ఈ దశలో టెస్టర్ 450, కనెక్టర్లు 300, అసలు రాగి క్యాట్ 6 కేబుల్ 60 మీటర్లు 1,680.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 2,430, సమయం 14 గంటలు.

దశ 3: షెడ్డుకి ఫైబర్ (జూన్ రెండో, మూడో వారాలు)

షెడ్డుకి మళ్లీ రాగి కేబులే వేద్దామనుకున్నాను. మేలో పడిన పిడుగు గుర్తొచ్చి ఆగాను. పిడుగు మా ఇంటి మీద పడలేదు, ఎక్కడో తోటలో పడింది. అయినా స్విచ్‌లో షెడ్డు పోర్టు, రికార్డర్‌లో ఒక పోర్టు పోయాయి. రెండు కట్టడాల మధ్య రాగి తీగ ఉంటే ఒకచోటి షాకు రెండోచోటికి చేరుతుంది. గాజుతీగలో కరెంటు పారదు. అందుకే ఫైబర్, రెండు చివర్లా దాన్ని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే మీడియా కన్వర్టర్లు. కేబుల్ కొనేటప్పుడు లోపల బలానికి వేసే కడ్డీ ఉక్కుది కాకుండా ఫైబర్‌గ్లాసుది ఉండేలా చూసుకోండి. ఉక్కుదైతే మళ్లీ కరెంటుకి దారి ఇచ్చినట్టే.

పాత కేబుల్ చెట్ల మీదుగా గాల్లో వేలాడేది. మట్ట ఊడి పడ్డప్పుడల్లా దాన్ని లాగేసేది. ఈసారి భూమిలోనే.

1. అడుగున్నర లోతు కాలువ, 40 మీటర్లు. ఇద్దరు మనుషులు, ఒక రోజు.
2. 25 ఎంఎం నల్ల హెచ్‌డీపీఈ పైపు.
3. పైపులో ముందు నైలాన్ తాడు, దానితో ఫైబర్ లాగడం. తాడు లోపలే వదిలేశాను, రేపు ఇంకోటి లాగాల్సి వస్తే పనికొస్తుంది.
4. పూడ్చే ముందు పైపు మీద పసుపు రిబ్బను. తర్వాత గునపం వేసేవాళ్లకి తెలియాలి.

దారి నేను గీసింది ఒకటి, తవ్వింది ఒకటి. నాన్నగారు చూసి, "దింపు రోజు గెలలు పడేది అటే. రాశికి బండి వచ్చేదీ అటే. గట్టు పక్కనుంచి తీసుకెళ్లు" అన్నారు. నాలుగు మీటర్లు పెరిగింది గానీ ఆయన మాటే సరైనది.

మృగశిర కార్తె వానలు అప్పుడే మొదలయ్యాయి. నల్లమట్టి, తవ్విన మర్నాటికి కాలువ సగం నీళ్లు. ఒక తప్పు చేశాను: పైపు చివర్లు ఆ రాత్రి మూయలేదు. పొద్దున్నకి లోపల నీళ్లు, బురద. ఎయిర్ పంపుతో ఊదించి మళ్లీ తాడు లాగడానికి మూడు గంటలు పట్టింది. పైపు వేసిన నిమిషంలోనే గుడ్డ కుక్కి టేపు చుట్టండి.

రెండో తప్పు కన్వర్టర్లది. ఒకే గాజుతీగ మీద రెండు దిక్కులా నడవాలంటే ఒకటి ఏ రకం, ఒకటి బీ రకం కావాలి. ఏ రకం 1310 నానోమీటర్లలో పంపి 1550లో వింటుంది, బీ రకం దానికి తలకిందులు. డబ్బాలు చూడకుండా తెచ్చుకున్నాను, రెండూ ఏ రకమే. లింకు దీపం వెలగలేదు. ఒకటి మార్పించుకొచ్చాక వెలిగింది గానీ మినుకుమినుకుమంటోంది. కేబుల్ కుర్రాడి దగ్గర పవర్ మీటర్ అడిగి తీసుకుని కొలిచాను: షెడ్డు వైపు 1310లో మైనస్ 10 డీబీఎం (వెలుగు బలం; మైనస్ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు), ఇంటి వైపు 1550లో మైనస్ 24. తీగ ఒకటే, తేడా 14! గోడ మూలలో క్లిప్పు కొట్టేటప్పుడు ఫైబర్‌ని మరీ బిగుతుగా వంచాను. ఆ వంపు 1550 వెలుగుని ఎక్కువ కారుస్తుంది. క్లిప్పు తీసి అరచేతి వెడల్పు చుట్టగా వదులు చేస్తే మైనస్ 11కి వచ్చింది.

షెడ్డు కెమెరాకి ఇప్పుడు షెడ్డు కరెంటే, అక్కడే అడాప్టర్. రాత్రి 11.9 వోల్టులు.

ఫైబర్ 900, కన్వర్టర్లు 1,900, పైపు 1,600, తవ్వకం 1,600.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 8,430, సమయం 25 గంటలు.

దశ 4: కరెంటు, ఎర్తింగ్ (జూన్ చివరి వారం)

బ్యాటరీ బాగున్న పాత ల్యాప్‌టాప్‌ని ఓఎన్‌టీకి నేరుగా కలిపి, సెకనుకోసారి పింగ్ చేయించి (జవాబు వస్తోందా అని చిన్న సందేశం పంపించి) లాగ్ రాయించాను. ఏడు రోజుల్లో ఓఎన్‌టీ 9 సార్లు ఆగి మళ్లీ మొదలైంది. ఆ వారం కరెంటు పోయింది కూడా 9 సార్లే, నిమిషంతో సహా సరిపోయాయి. సాయంత్రం కాల్స్ తెగడానికి కారణం ఇదే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ఇటువైపు ఎప్పుడూ చూడలేదు. ఇన్వర్టర్ మారే ఆ కొద్ది క్షణంలో ఫ్యాన్‌కి ఏమీ కాదు, ఓఎన్‌టీ మాత్రం ఆగిపోతుంది.

ఇన్వర్టర్ మీద ఎకో, యూపీఎస్ అని స్విచ్ ఉంటుంది. మాది ఎకోలో ఉంది. త్వరగా మారే యూపీఎస్‌కి మార్చాక ఆ తర్వాతి వారం 11 కోతల్లో ఒక్కసారే ఆగింది. ఓఎన్‌టీకి విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాక సున్నా. ఇన్నాళ్లకి రూపాయి ఖర్చు లేని స్విచ్ ఒకటి మార్చితే సగం పైగా బాధ తీరింది. మీ ఇంట్లో ఈ పని ఇవాళే చేయండి.

ఎర్తింగ్ సంగతి: సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 14 వోల్టులు చూపించింది, నీళ్ల మోటారు వేస్తే ఇంకా పెరిగింది. ఎర్త్ గుంటలో ఉప్పు, నీళ్లు పోసి చూశాం, తేడా లేదు. మా నేలలో తేమకి కొదవ లేదు, తవ్వితే రెండున్నర అడుగుల్లో నీరు. తప్పు నేలది కాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి గుంట తవ్వితే జీఐ పైపుకి తీగ బిగించే క్లాంపు తుప్పు పట్టి పొడిపొడిగా చేతిలోకి వచ్చింది. ఆయన టెస్టర్‌లో 22 ఓంలు. రాగిపూత రాడ్డు, కొత్త తీగ వేశాక 3.1. న్యూట్రల్-ఎర్త్ మధ్య ఇప్పుడు 1.3 వోల్టులు. ఈ పని మాత్రం సొంతంగా చేయకండి, తెలిసినవాళ్ల చేతే చేయించండి.

ఎర్తింగ్ 4,200, మినీ యూపీఎస్ 1,500.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 14,130, సమయం 31 గంటలు.

దశ 5: ఓఎన్‌టీని బ్రిడ్జి చేసి చూడటం (జులై మొదటి వారం)

బ్రిడ్జి చేయడమంటే ఓఎన్‌టీ రౌటర్ పని మానేసి కనెక్షన్‌ని నేరుగా వెనక ఉన్న పరికరానికి అందించడం. ఫైర్‌వాల్ రాకముందే ల్యాప్‌టాప్‌తో ప్రయత్నించాను. పెట్టె వచ్చిన రోజున తెలియనివి తక్కువ ఉండాలి.

1. ఆపరేటర్ దగ్గర పీపీపీఓఈ (కనెక్షన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ (ఒకే తీగ మీద విడివిడి నెట్‌వర్క్‌లు నడిపే పద్ధతి) నంబరు రాయించుకున్నాను.
2. ఓఎన్‌టీ ప్రతి పేజీకీ ఫోటో తీసి ఉంచాను.
3. ఒక పోర్టుకి మాత్రమే బ్రిడ్జి పెట్టి ల్యాప్‌టాప్ నుంచి డయల్ చేశాను.

నలభై నిమిషాలు జవాబే లేదు. బ్రిడ్జి కట్టింది మొదటి పోర్టుకి, నా కేబుల్ ఉన్నది రెండో పోర్టులో. మార్చాక కూడా మొదట లోపలికి రానివ్వలేదు, పాత కనెక్షన్ అవతల ఇంకా బతికే ఉంది. ఓఎన్‌టీ ఆపి పది నిమిషాలాగి వేస్తే ఎక్కింది.

తెలిసినవి రెండు. పింగ్‌లో డేటా 1464 బైట్ల వరకు ముక్కలు కాకుండా వెళ్తోంది, 1465 వెళ్లడం లేదు. హెడర్లు 28 కలిపితే 1492. పీపీపీఓఈ 8 బైట్లు తింటుంది కాబట్టి ఇది సరైన లెక్కే, ఫైర్‌వాల్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) ఇదే పెట్టాలి. రెండోది, మాకు వచ్చిన బయటి అడ్రస్ 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి చాలామంది ఖాతాదారులకి కలిపి వాడే సీజీనాట్ అడ్రస్‌లు. బయటి నుంచి కెమెరా చూడటానికి రెండేళ్లు పోర్ట్ ఫార్వర్డింగ్‌తో (బయటి నుంచి ఇంట్లో పరికరానికి దారి తెరవడంతో) కుస్తీ పట్టాను. ఈ అడ్రస్‌తో అది ఎప్పటికీ పనిచేయదు. బయట ఒక చిన్న సర్వర్ తీసుకుని, ఇంటి నుంచే దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ వేయాలి. అది తర్వాతి పని.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 14,130, సమయం 35 గంటలు.

దశ 6: అడ్రస్‌లు, వీల్యాన్‌లు (జులై రెండో వారం)

ఓఎన్‌టీ అడ్రస్ 192.168.1.1. ఓపీఎన్‌సెన్స్ మొదట తీసుకునేదీ అదే. రెండూ ఢీకొనకుండా ఇంటిని ముందే మార్చాను: ఇంటివాళ్లకి 10.27.10, కెమెరాలకి 10.27.20, గెస్ట్‌కి 10.27.30. వీల్యాన్‌లు పెట్టుకోగలిగే ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్, వైఫై ఇచ్చే రెండు యాక్సెస్ పాయింట్లు కొన్నాను.

ఇందులో చేసిన తప్పులు రెండూ వరస తప్పడం వల్లే. అడ్రస్ చేత్తో పెట్టినవి ఆరు: కెమెరాలు నాలుగు, రికార్డర్, ప్రింటర్. కెమెరాలు ముందు మార్చేశాను. రికార్డర్ పాత అడ్రస్‌లోనే ఉండిపోయి నాలుగింటినీ పోగొట్టుకుంది. ఒక రాత్రి రికార్డింగ్ లేదు. రికార్డర్‌కి టీవీ, మౌసు తగిలించి అక్కడి నుంచి సరిచేశాను. ఆ తర్వాత స్విచ్‌లో నేను కూర్చున్న పోర్టునే కెమెరాల వీల్యాన్‌లోకి తోసి, స్విచ్ పేజీ నాకే అందకుండా చేసుకున్నాను. రీసెట్ చేసి అంతా మళ్లీ మొదటి నుంచి. అన్ని పనులూ అయ్యేదాకా ఎనిమిదో పోర్టుని వీల్యాన్ 1లో ముట్టుకోకుండా ఉంచండి.

స్విచ్ 2,600, యాక్సెస్ పాయింట్లు రెండూ 6,400.

ఇప్పటివరకు: ఖర్చు రూ. 23,130, సమయం 43 గంటలు.

దశ 7: పెట్టె వచ్చింది (జులై మూడో వారం)

ఎన్100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఫ్యాన్ లేని పెట్టె, 17,500. ఒక రాత్రంతా మెమరీ పరీక్ష, మర్నాడు అటక మీద స్విచ్ పక్కన పెట్టి చూశాను. మధ్యాహ్నం మూడింటికి పెంకు కింద గాలే 41 డిగ్రీలు, ప్రాసెసర్ 79. అటక మానేశాను.

కింద సావిట్లో పెడదామంటే గోడ మీద గీత ఉంది. 1986 ఆగస్టు వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తాతగారు మేకుతో గీసింది. నేల నుంచి మూడడుగుల రెండంగుళాలు. సున్నం ఎన్నిసార్లు వేసినా దాన్ని వదిలేసి వేస్తారు. ఆ గీతకి రెండడుగుల పైన చెక్క అల్మారా బిగించి స్విచ్, ఫైర్‌వాల్, ఓఎన్‌టీ మూడూ అందులోకి తెచ్చాను. తలుపుకి గాలి కోసం చిల్లులు, చిల్లులకి చీమలు దూరకుండా సన్న జాలీ. ప్రాసెసర్ 54.

ఆదివారం తెల్లవారి అయిదింటికి మార్చాను, 35 నిమిషాలు పట్టింది. డాబా పై అంతస్తులో 196 ఎంబీపీఎస్. పిన్నిగారి టీవీ గెస్ట్‌లో ఎక్కింది, అక్కడి నుంచి మా కెమెరాలకి పింగ్ వెళ్లడం లేదు.

ఇక మిగిలింది నేను ఊళ్లో లేనప్పుడు ఇది ఆగిపోతే ఏం చేయాలన్నది. ఓఎన్‌టీ పాత సెట్టింగుల బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పాత పద్ధతికి తిరిగి వెళ్లే నాలుగు మెట్లు కాగితం మీద రాసి అల్మారా తలుపుకి లోపలివైపు అతికించాను. వదినకి ఏమీ చెప్పకుండా చేయమన్నాను. మూడో మెట్టు దగ్గర ఆగి, "నీలం కేబుల్ అని రాశావు, ఇక్కడ నీలంవి రెండున్నాయి కదా" అంది. ఒకదానికి ఎర్ర టేపు చుట్టి, కాగితం తిరిగి రాశాం. రెండోసారి ఆరు నిమిషాల్లో నెట్ తెచ్చింది.

మొత్తం: ఖర్చు రూ. 40,630, సమయం 48 గంటలు.